గీత బయట నిలబడ్డ మాస్టారు: సయ్యద్ అబ్దుల్ రహీం

స్వర్ణోత్సవ సంచిక కోసం ఒక మహనీయుడి జీవితం రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు మొదట గుర్తుకొచ్చినవి అందరికీ తెలిసిన పేర్లే. గాంధీగారి మీద, రాధాకృష్ణన్ గారి మీద మన బడి గోడపత్రికలోనే మనం ఎన్నోసార్లు రాశాం. ఈసారి మన తెలుగు నేల మీదే పుట్టిన, మన ఉపాధ్యాయుల్లాగే సుద్దముక్కతో జీవితం మొదలుపెట్టిన ఒక బడిపంతులు గురించి రాద్దామనిపించింది. ఆయన రాజ్యాలు ఏలలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. మైదానం గీత బయట నిలబడి, లోపల ఆడేవాళ్లు క్షణంలో ఏం నిర్ణయించుకోవాలో ముందే నేర్పి పంపాడు, అంతే. ఆ నేర్పుతోనే భారతదేశానికి ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు రహీం సాబ్.

2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా పుణ్యమా అని ఈ తరం పిల్లలకు కూడా ఆయన పేరు కొంత తెలిసింది. సినిమాలో ఆవేశం ఎక్కువ ఉంటుంది. అది సినిమా ధర్మం. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆయన ఆవేశం కాదు, ఆయన ఆలోచించిన తీరు. ఒత్తిడిలో మనిషి ఎలా నిర్ణయం తీసుకుంటాడు, ఆ నిర్ణయాన్ని తర్వాత మనం ఎలా తూకం వేస్తాం అన్న ప్రశ్నల మీద ఇప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్తలు పుస్తకాలకు పుస్తకాలు రాస్తున్నారు. వాటిలో చాలా మాటలు రహీం గారి జీవితంలో ముందే కనిపిస్తాయి.

బడి నుంచి మైదానానికి

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం సంస్థానం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. చదువుకునే రోజుల్లోనే మంచి ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. చదువయ్యాక పట్టింది మాత్రం ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని బళ్లలో ఆటల బాధ్యత చూశారు. మన భాషలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు అయ్యారు.

డ్రిల్లు మాస్టారంటే మన చిన్నప్పుడు ఎంత చులకనో మనందరికీ తెలుసు. లెక్కల మాస్టారు రాకపోతే పిల్లల్ని మైదానానికి తోలడం, ఆగస్టు 15కి వరుసల్లో నిలబెట్టడం, ఈల ఊదడం వరకే ఆయన పని అనుకునేవాళ్లం. రహీం గారు ఆ పనిని అక్కడితో ఆపలేదు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ప్రతి పిల్లవాడి బలం, బలహీనత ఎలా తెలుస్తాయో అలాగే ఆట నేర్పే ఉపాధ్యాయుడికీ తెలియాలని నమ్మారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత తీసుకున్నారు. ఊరి పోటీలను ఆయన ఒక పాఠ్యక్రమంలా తీర్చిదిద్దారు.

ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్లతో ఆడిస్తూ ముందుకు తీసుకెళ్లడం నిషేధం, అందిన వెంటనే పాస్ ఇచ్చేయాలి. మరో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇంకొన్ని పోటీల్లో ఎత్తుకు పరిమితి ఉండేది, దాంతో చిన్న పిల్లలకు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా ఆడే అవకాశం దొరికేది.

ఇవి చూడడానికి సరదా నిబంధనల్లా కనిపిస్తాయి. లోతు వేరు. బంతి కాలికి తగిలాక ఏం చేయాలా అని ఆలోచించేవాడు ఎప్పుడూ ఆలస్యమైపోతాడు. బంతిని అట్టిపెట్టుకోవడమే నిషేధమైతే కుర్రాడికి వేరే దారి లేదు. బంతి రాకముందే తల ఎత్తి చూడాలి, తనవాడు ఎక్కడున్నాడో, ఎదుటివాడు ఎటు కదులుతున్నాడో గమనించాలి, నిర్ణయం ముందే అయిపోవాలి. మన గోదావరి జిల్లాల్లో చెడుగుడు ఆడినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కూతకు వెళ్లినవాడు గీత దాటాక ఆలోచన మొదలుపెడితే వెనక్కి రాడు. ఎవరి పాదం ముందుకు పడి ఉంది, మూలనున్నవాడు ఎటు వంగాడు అన్నది గీత దాటేలోపే కంటికి అంది ఉండాలి.

దీని వెనుక ఉన్న విషయాన్ని చాలాకాలం తర్వాత శాస్త్రవేత్తలు చదరంగంలో పరీక్షించి చూశారు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చదరంగం ఆటగాళ్లకు బల్లను అయిదు సెకన్లు చూపించి, పావుల్ని తిరిగి పేర్చమన్నారు. నిజమైన ఆటలోంచి తీసిన అమరిక అయితే గొప్ప ఆటగాళ్లు మిగతావారి కంటే ఎంతో మెరుగ్గా పేర్చగలిగారు. పావుల్ని అడ్డదిడ్డంగా పెడితే వాళ్ల ఆధిక్యం దాదాపు కరిగిపోయింది. అంటే వాళ్లది పుట్టుకతో వచ్చిన జ్ఞాపకశక్తి కాదు. వేల ఆటలు ఆడి ఆడి, బల్లను విడివిడి పావులుగా కాక అర్థవంతమైన గుంపులుగా చూడడం అలవాటైంది. రహీం గారు హైదరాబాద్ కుర్రాళ్లకు చేసిన మేలు అదే. మైదానాన్ని చూడడం నేర్పారు.

పోలీసు జట్టు, అయిదు రోవర్స్ కప్పులు

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. చనిపోయే దాకా ఆ జట్టుతోనే ఉన్నారు. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు దేశమంతా మోగుతుండేవి. అలాంటి కాలంలో దక్షిణాది నుంచి వచ్చిన పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలిచింది. దేశంలోకెల్లా పాత పోటీ అయిన డ్యూరాండ్ కప్పును కూడా ఆయన హయాంలో ఒకటికి మించిన సార్లు ఎత్తుకుంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, యూసుఫ్ ఖాన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఒకరి తర్వాత ఒకరు దేశం తరఫున ఆడారు.

సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేదరికంలో పెరిగిన తులసీదాస్ బలరాం అనే కుర్రాడి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అతని ఆట చూసిన రహీం గారు శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బు లేదని కుర్రాడు చెప్పుకున్నాడు. సైకిల్ అద్దెకు డబ్బు తానే ఇస్తానని రహీం గారు భరోసా ఇచ్చారు. ఈ సంగతి బలరాం గారే తర్వాత కాలంలో చెప్పుకునేవారు. ఆ కుర్రాడు తర్వాత 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడి, భారతదేశపు అత్యుత్తమ ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు. ఒక సైకిల్ అద్దె విలువ ఎంతో లెక్క కట్టడం కష్టం. మన బడిలో కూడా ఫీజు కట్టలేని పిల్లవాడి ఫీజు గుట్టుగా కట్టిన ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్ల పేర్లు వాళ్లకే వదిలేద్దాం.

1951: తొలి స్వర్ణం, 1952: పెద్ద దెబ్బ

మొదటి ఆసియా క్రీడలు 1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగాయి. రహీం గారు జాతీయ జట్టు శిక్షకుడు, శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారతదేశం స్వర్ణం గెలిచింది. సాహు మేవాలాల్ కొట్టిన గోలు అది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం పొంగిపోయింది.

మరుసటి ఏడాదే అసలు పరీక్ష వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1 తేడాతో ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. చలి, తడి నేల, ఎదుట బలిష్ఠమైన యూరప్ జట్టు. అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోలే మనకు మిగిలింది.

అలాంటి ఓటమి తర్వాత ఎవరికైనా రెండు దారులు సులువుగా కనిపిస్తాయి. ఒకటి, తప్పంతా చలిదీ, నేలదీ, అదృష్టానిదీ అనుకోవడం. రెండోది, ఉన్నవాళ్లందరినీ తిట్టి తీసేయడం. రెండింటిలోనూ మనసుకు ఊరట ఉంది, నేర్చుకునేది మాత్రం లేదు. రహీం గారు మూడో దారి పట్టారు. ఓటమిలో ఏది వాతావరణం వల్ల, ఏది మన పద్ధతి వల్ల అని విడదీసి చూశారు. బూట్ల సంగతి తేలిపోయింది, ఆ ఒలింపిక్స్ తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. పద్ధతి సంగతి అంత తేలిక కాదు. మనవాళ్లు అప్పటికీ వెనుక ఇద్దరే రక్షకులతో ఆడే పాత అమరికలోనే ఉన్నారు. యూరప్ దాన్ని దాటిపోయి చాలాకాలమైంది.

ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది హంగరీ. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ అందరిలా ఎదుటివాళ్ల గోలు ముందు కాపు కాయకుండా వెనక్కి జారి ఆడేవాడు. అతన్ని కాపలా కాయాల్సిన రక్షకుడికి వెంట వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా అన్నది తేలేది కాదు. వెళ్తే వెనుక ఖాళీ, ఉంటే అతనికి స్వేచ్ఛ. ఎదుటివాడి మనసులో ఆ సందేహం పుట్టించడమే హంగరీ ఆటలోని కిటుకు. మరుసటి ఏడాది అదే హంగరీ లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. రహీం గారు ఈ పాఠాన్ని హైదరాబాద్‌కు తెచ్చి, మన కుర్రాళ్ల శరీరాలకు, మన ఆటతీరుకు సరిపడేలా మార్చుకున్నారు. వెనక్కి జారే ఫార్వర్డ్, తర్వాత నలుగురు వెనుక, ఇద్దరు మధ్యన, నలుగురు ముందు ఉండే అమరిక భారత జట్టులోకి అలా వచ్చాయి. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఆ 4-2-4 అమరికను లోకమంతటికీ పరిచయం చేయకముందే మనవాళ్లు దాన్ని ప్రయత్నించారని చెప్పుకోవడం మనకు గర్వకారణం.

మెల్‌బోర్న్, రోమ్

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. తమ దేశంలోని కల్లోలం వల్ల హంగరీ ఫుట్‌బాల్ జట్టును పంపకపోవడంతో మనకు మొదటి రౌండు వాకోవర్‌గా వచ్చింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడి తొలి హ్యాట్రిక్ అదే. ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు కూడా మనదే. సెమీస్‌లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియా. నాలుగేళ్ల క్రితం పది గోలులు కొట్టిన దేశం మీద ఈసారి మొదటి గోలు మనదే. చివరికి 4-1తో ఓడినా, ఆ రెండు మ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మాస్టారు నాలుగేళ్లలో ఏం నేర్పాడో తెలుస్తుంది. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూపు దాటలేదు. కానీ హంగరీతో 2-1 తేడాతోనే ఓడి, ఫ్రాన్స్‌ను 1-1 వద్ద నిలువరించారు. ఫ్రాన్స్ మీద గోలు కెప్టెన్ పి.కె. బెనర్జీది. హంగరీ మీద, పెరూ మీద గోలులు మన అమ్ముగూడ కుర్రాడు బలరాంవి. ఫలితాల పట్టికలో గెలుపు లేదు. ఆట తెలిసినవాళ్లు మాత్రం ఆ జట్టులో రాబోయే రోజుల్ని చూశారు.

జకార్తా, 1962

ఇక ఆయన జీవితంలోని ఆఖరి పాఠం. 1962 ఆసియా క్రీడలు ఇండోనేసియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. శరీరం సహకరించడం లేదు. అయినా జట్టు వెంట వెళ్లారు.

అక్కడి వాతావరణం ఆటది కాదు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల ఆటగాళ్లను రానివ్వకపోవడాన్ని భారతదేశానికి చెందిన క్రీడా పెద్ద గురుదత్ సోంధీ తప్పుబట్టారు. దాంతో జకార్తాలో భారత వ్యతిరేకత రాజుకుంది. మన రాయబార కార్యాలయం మీదికి జనం వెళ్లారు. మైదానంలో మనవాళ్లు కనిపిస్తే ఈలలు, గేలి.

ఆటలోనూ ఆరంభం చెడింది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం కానీ, మన రక్షణకు వెన్నెముక అయిన స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు ఆ మ్యాచ్‌లో పెద్ద గాయమైంది, కుట్లు పడ్డాయి. తర్వాత జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్ చేరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. అతని స్థానంలో ప్రద్యుత్ బర్మన్ బాగానే నెట్టుకొస్తున్నాడు.

ఇప్పుడు మాస్టారి ముందున్న లెక్క చూడండి. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను రక్షణలో పెడితే గాలిలోంచి వచ్చే ప్రతి బంతికీ అతను తల అడ్డం పెట్టాలి. ఆ పనిని రక్షకుడు తప్పించుకోలేడు. పక్కన పెడితే జట్టులోని అత్యంత ధైర్యశాలి, దృఢకాయుడు బయట కూర్చోవాలి. మామూలు బుర్రకు తోచేవి ఈ రెండు మార్గాలే. రహీం గారు మూడోది చూశారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడని ఆయనకు తెలుసు. ముందు ఆడేవాడు ఎప్పుడు తల పెట్టాలో, ఎప్పుడు వద్దో తానే ఎంచుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, అంత బలమైనవాడు ముందుకొస్తాడని ఎదుటి జట్టు ఊహించదు. ఇక వెనుక ఖాళీ అయ్యే చోటు ఎలా? జర్నైల్ లేనప్పుడు అరుణ్ ఘోష్ ఆ పని చేయగలనని అప్పటికే చూపించాడు.

సెమీఫైనల్లో జర్నైల్ సెంటర్ ఫార్వర్డ్‌గా దిగాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. ఆ మూడింటిలో ఒక గోలు జర్నైల్‌ది, మిగతా రెండూ కెప్టెన్ చునీ గోస్వామివి.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. ఇక్కడ రెండో నిర్ణయం. గెలుస్తూ వస్తున్న గోల్‌కీపర్‌ను మార్చకూడదన్నది ఆటల్లో పాత నమ్మకం. అయినా రహీం గారు జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను తిరిగి తెచ్చారు. కొరియన్లు బంతిని ఎత్తుగా గోలు ముందుకు వేసే రకం. ఆరడుగులు దాటిన తంగరాజ్ చేతులు ఆ బంతుల్ని గాలిలోనే అందుకోగలవు. నిన్నటి గెలుపుకు బహుమతిగా ఇవాళ్టి చోటు ఇవ్వడం వేరు, ఇవాళ్టి ఎదుటివాడికి ఎవరు సరిపోతారో చూసి ఇవ్వడం వేరు. ఉపాధ్యాయులకు ఈ తేడా బాగా తెలుసు. ఆ కాలంలో మధ్యలో ఆటగాణ్ని మార్చుకునే వెసులుబాటు సాధారణంగా ఉండేది కాదు కనుక, ఒకసారి పేర్లు రాసి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఫైనల్ ముందు రాత్రి రహీం గారు కళ్లనీళ్లతో ఆటగాళ్లను ఒక కానుక అడిగారని, అది ఆ స్వర్ణమేనని ఆ జట్టువాళ్లు తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నారు. అన్నీ లెక్కలతో చూసే మనిషి ఆ ఒక్క రాత్రి లెక్క పక్కన పెట్టారు. తనకు ఇంకో అవకాశం లేదని ఆయనకు తెలుసు.

సేనాయన్ స్టేడియంలో లక్ష మంది దాకా ఉన్నారు. దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నవాళ్లే. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మూడు నిమిషాలు గడిచాయో లేదో జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు, తలకు కట్టుతో, తనది కాని చోట ఆడుతూ. ఆట చివర్లో కొరియా ఒక గోలు తిరిగి ఇచ్చింది. 2-1. స్వర్ణం మనది.

నిర్ణయం మంచిదా, ఫలితం మంచిదా

ఇక్కడ ఆగి ఒక మాట ఆలోచించాలి. ఆ రోజు జర్నైల్ గోలు కొట్టకపోయి ఉంటే? బంతి అంగుళం పక్కకు పోయి ఉంటే? వెనుక జర్నైల్ లేని ఖాళీలోంచి కొరియా రెండు గోలులు వేసి ఉంటే? మర్నాడు పత్రికలన్నీ గాయపడిన రక్షకుణ్ని ముందు ఆడించిన పిచ్చి కోచ్ అని రాసి ఉండేవి. నిర్ణయం అదే, దాని వెనుక ఆలోచన అదే, తీర్పు మాత్రం తలకిందులయ్యేది.

మనుషుల్లోని ఈ బలహీనతను 1988లో జోనాథన్ బారన్, జాన్ హెర్షీ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. ఒకే నిర్ణయాన్ని, ఒకే సమాచారంతో కొందరికి మంచి ఫలితంతో, కొందరికి చెడు ఫలితంతో చెప్పారు. ఫలితం బాగున్నప్పుడు నిర్ణయించినవాడు తెలివైనవాడిగా, బాగోనప్పుడు తెలివితక్కువవాడిగా జనానికి కనిపించాడు. మనం కూడా అంతే. పరీక్షలో పై తరగతి వచ్చిన పిల్లవాడికి చెప్పిన సలహా గొప్పది, తప్పినవాడికి చెప్పింది చెడ్డది అనేస్తాం. సలహా ఇచ్చిన రోజు ఏమేం తెలుసు, ఏమేం తెలియదు అని అడగం.

ఇంకో చిక్కు ఉంది. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలన్న ఒత్తిడి. 2007లో ఇజ్రాయెల్ పరిశోధకులు మైకేల్ బార్-ఎలి బృందం 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించింది. గోల్‌కీపర్ మధ్యలో కదలకుండా నిలబడినప్పుడు మూడింట ఒక బంతిని ఆపగలిగాడు. ఎడమకో కుడికో దూకినప్పుడు ఏడెనిమిదింట ఒకటే ఆపాడు. అయినా గోల్‌కీపర్లు నిలబడింది నూటికి ఆరుసార్లే. దూకి ఓడితే ప్రయత్నించాడంటారు, నిలబడి ఓడితే బొమ్మలా ఉన్నాడంటారు. ఆ నింద భయమే దూకిస్తుంది.

కొరియాతో మొదటి ఓటమి తర్వాత రహీం గారి మీద ఈ ఒత్తిడి ఎంత ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఆయన నలుగుర్ని సంతోషపెట్టడానికి మార్పులు చేయలేదు. మార్చాల్సిన చోట కారణంతో మార్చారు, మార్చనక్కర్లేని చోట కదలకుండా ఉన్నారు. హైదరాబాద్ వాళ్లకే పెద్దపీట వేస్తారన్న విమర్శ ఆయన మీద ఎప్పుడూ ఉండేది. తలకిందులయ్యే తీర్పుల మధ్య పదమూడేళ్లు పనిచేయాలంటే మనిషికి తన ఆలోచన మీద నమ్మకం ఉండాలి. పొరపాటు కనిపించిన రోజు దాన్ని వదులుకునే ధైర్యమూ ఉండాలి. హెల్సింకి తర్వాత ఆయన చేసింది రెండోది. జకార్తాలో చేసింది మొదటిది.

ఆఖరి రోజులు, ఆ తర్వాత

జకార్తా నుంచి తిరిగొచ్చాక ఆయన ఎక్కువ కాలం బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నవారే. తర్వాత శిక్షకుడిగా, అంతర్జాతీయ రిఫరీగా కూడా పేరు తెచ్చుకుని, 2021లో మరణించారు.

రహీం గారి తర్వాత భారత ఫుట్‌బాల్ 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించింది. ఆ కాంస్యం గెలిచిన జట్టు శిక్షకుల్లో ఒకరు ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ. అక్కడితో మెట్టు ఆగిపోయింది. 1960 తర్వాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. ఒక్క మనిషి పోతే ఇంత పోతుందా అంటే, పోయింది మనిషి ఒక్కడే కాదు. బడిలో మొదలై, ఊరి పోటీల్లో పెరిగి, జాతీయ జట్టు దాకా నడిచే ఒక దారి పోయింది. ఆ దారిని ఆయన కట్టారు. ఆయన తర్వాత దాన్ని బాగు చేసుకుంటూ వచ్చినవాళ్లు తక్కువ.

మన బడికి యాభై ఏళ్లు నిండిన ఈ వేళ ఈ కథ రాయడానికి కారణం ఇదే. రత్నగిరి నీడలో, పంపా గాలి తగిలే మన మైదానంలో ఎందరు పిల్లలు ఆడారో లెక్క లేదు. వాళ్లందరూ ఆటగాళ్లు కాలేదు, కానక్కర్లేదు. బంతి వచ్చేలోపే తల ఎత్తి చూడడం, ఓడితే కారణాన్ని విడదీసి చూడడం, గెలిస్తే అందులో అదృష్టం వాటా ఎంతో ఒప్పుకోవడం, తనది కాని చోట నిలబడాల్సి వచ్చినా జర్నైల్‌లా నిలబడడం ఆ మైదానంలోనే నేర్చుకోవచ్చు. అవి బ్యాంకులో, పొలంలో, ఆసుపత్రిలో, అమెరికాలో ఎక్కడున్నా పనికొస్తాయి.

స్వర్ణోత్సవ నిధితో ఏమేం చేయాలని పూర్వ విద్యార్థుల సంఘం సభల్లో చాలా మాటలు వచ్చాయి. గదులు కావాలి, కంప్యూటర్లు కావాలి, కాదనను. వాటి పక్కనే మైదానానికి కూడా ఒక వాటా ఉంచమని, రోజూ సాయంత్రం అక్కడ నిలబడి పిల్లల పేర్లు, వాళ్ల బలాలు గుర్తుపెట్టుకునే ఒక మాస్టారికి తోడుగా ఉండమని నా మనవి. అమ్ముగూడ కుర్రాడికి కావలసింది సైకిల్ అద్దె మాత్రమే. మన ఊళ్లో ఇవాళ అలాంటి పిల్లవాడికి ఏం కావాలో కనుక్కోవడం మన పని.